లైసెన్సు అక్కర్లేని తీగ

రాత్రి పదకొండు దాటింది. బోధన్ నుంచి సాలూర వైపు పోయే రోడ్డు దిగి, చెరుకు చేను గట్టు మీద నిలబడ్డారు మీరు. మంచె మీద రైతు డబ్బా కొడుతున్నవాడల్లా ఆపి, "ఇనవడ్తుందా సారూ?" అంటాడు. చెరుకు గడలు పటపటా విరుగుతున్నాయి. ఆ వెనకే గుర్రుమంటున్న చప్పుడు. "పందులు వడ్డయి."

టపాకాయ ముట్టించి విసురుతాడు. పేలుతుంది. క్షణం నిశ్శబ్దం. మళ్లీ పటపట. పంది తినేదానికన్నా తొక్కి పడేసేదే ఎక్కువ. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక ఇక్కడ చెరుకు వేసేవాళ్లే తగ్గారు. వేసిన కొద్దిమందికి ఇదో కాపలా.

"తుపాకీ ఉంటే?" అంటారు మీరు.

"మాకెవరిస్తరు సారూ!"

చట్టం ఇవ్వమనే అంటుంది. పంట కాపలాకు నిజంగా అవసరమైతే మందు కూరి పేల్చే నాటు తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ లైసెన్సుతో పందిని కాల్చడం కుదరదు. దానికి 1972 వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలి. ఆ అనుమతిచ్చే అధికారాన్ని రాష్ట్రం సర్పంచుల దాకా తెచ్చింది. అయినా కాల్చాల్సింది అటవీశాఖ ఒప్పుకున్న షూటరే. దరఖాస్తు కదిలి ఆయన ఊళ్లో దిగేలోపు మంద పక్క చేన్లోకి పోతుంది.

తిరిగి వస్తూ అడ్డదారి తొక్కబోతారు. రైతు చేయి మీ భుజాన్ని గట్టిగా పట్టి వెనక్కి లాగుతుంది. "ఆడికెళ్లి పోకుండ్రి." టార్చి వెలుగులో, పక్క చేను గట్టున, మోకాలి కింద సన్నటి తీగ. ఎవరో స్తంభం మీది లైనుకు కొక్కెం తగిలించి కరెంటు పెట్టారు. పంది కోసమే పెట్టారు. అర్ధరాత్రి మోటారు వేయడానికి వచ్చే మనిషి కాలు తగిలినా అది ఊరుకోదు. ఇలా పోయిన ప్రాణాల వార్తలు పేపర్లో జిల్లా పేజీకి కొత్త కాదు.

పొద్దున నిజామాబాద్‌లో బ్యాంకు మెట్ల దగ్గర మరో ఆయుధం కనిపిస్తుంది. గార్డు మాజీ సైనికుడు. భుజాన 12 బోర్ సింగిల్ బ్యారెల్, జేబులో లైసెన్సు. తుపాకీ నంబరు, తూటాల లెక్క, గడువు అన్నీ కాగితం మీద ఉన్నాయి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు అయిదేళ్లు, ఒక్కరి దగ్గర ఉండగలిగిన తుపాకులు రెండే. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు పోలీస్ స్టేషన్‌లో జమ అవుతాయి, ఫలితాలొచ్చాకే తిరిగి చేతికొస్తాయి.

కొడుకు టెక్సస్‌లో ఉంటాడని గార్డు మాటల్లో చెబుతాడు. "ఆడ తుపాకీ దుకాణంల కొనుక్కొచ్చుకుంటరట. మా మనవనికి బడిల బెంచీ కింద దాక్కునుడు నేర్పుతున్నరు సార్" అని తల అడ్డంగా ఊపుతాడు. 1791 నాటి రెండో సవరణతో అమెరికాలో ఆయుధం హక్కయింది. మన రాజ్యాంగంలో అలాంటి హక్కు లేదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, లైసెన్సు లేని తుపాకులపై విచారణలో, గుర్తుచేసింది.

ఆ గార్డు మనవడి గురించి వింటే మన కట్టడే మేలనిపిస్తుంది. సాలూర గట్టున భుజం మీద పడ్డ చేయి గుర్తొస్తే, ఆ మేలు సగమేనని తెలుస్తుంది. తుపాకీకి పేరుంది, నంబరుంది, పేలితే జవాబు చెప్పాల్సిన మనిషున్నాడు. తీగకు అవేవీ లేవు. రైతును తుపాకీతో పందిని కాల్చనివ్వని సర్కారు, ఆ తుపాకీ చేయాల్సిన పనిని తన మీద వేసుకున్నట్టే. దరఖాస్తు పెట్టిన రెండో రాత్రికల్లా షూటర్ చేన్లో ఉంటే తీగ కట్టే అవసరం ఎవరికీ రాదు. అప్పటిదాకా మనం తుపాకుల్ని కట్టడి చేశామని చెప్పుకోవచ్చు, చావుల్ని కట్టడి చేశామని చెప్పుకోలేం.