లిఫ్ట్: పాలమూరు నేల మీద ఒక ఆంగ్లపదం

పాలమూరుగా పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పల్లెల్లో లిఫ్ట్ అన్న మాట వినగానే మొదట స్ఫురించేది నదిలోని నీటిని పంపులతో ఎత్తి మిట్టభూములకు పారించే ఎత్తిపోతల పథకం. పట్నపు భవనాల్లో మనుషులను పై అంతస్తులకు చేర్చే యంత్రం గుర్తుకు వచ్చేది ఆ తర్వాతే. ఒకే పదం ఒక ప్రాంతంలో ఇలా స్థిరపడటం వెనుక ఆ నేల ఎత్తుపల్లాలే కాక, గడచిన శతాబ్దపు రాజకీయాలు కూడా ఉన్నాయి.

ఇంగ్లిషులోకి ఈ పదం ప్రాచీన నార్స్ భాష నుంచి వచ్చింది; దాని మూలం గాలి, ఆకాశం అనే అర్థాలున్న ధాతువు. పైకెత్తడమనే తొలి అర్థం నుంచి అది అనేక శాఖలుగా విస్తరించింది. అమెరికన్లు ఎలివేటర్ అని పిలిచే యంత్రం బ్రిటిషువారికి లిఫ్ట్. విమానాన్ని గాలిలో నిలిపే బలానికీ, దారిన పోయేవారిని బండి ఎక్కించుకునే సాయానికీ, దుకాణంలో చేసే చిల్లర దొంగతనానికీ ఈ మాటే ఆధారం. ఆనకట్టలు కట్టే ఇంజనీర్లు ఒక విడతలో పోసే కాంక్రీటు పొరను కూడా లిఫ్ట్ అనే అంటారు. గనులలో ఊరిన నీటిని దశలవారీగా పైకి తోడే పంపులలో ఒక్కొక్క దశకు ఇదే పేరు. పాలమూరు అర్థానికి అన్నిటికన్నా దగ్గరి చుట్టం ఇదే.

నీటిని పైకి తెచ్చే పని ఈ నేలకు కొత్తది కాదు. ఇద్దరు మనుషులు తాళ్లు పట్టి ఊపే గూడ, పొడవాటి దూలపు బరువుతో బాన పైకి లేచే ఏతం, ఎడ్లు వాలుబాట దిగుతుంటే తోలు తొండం గల బొక్కెన బావిలోంచి పైకి వచ్చే మోట, ఇలా ప్రతి పద్ధతికీ దాని పేరు దానికి ఉండేది. మోట నడవాలంటే వడ్రంగి, కమ్మరి, తోలుపని చేసేవారు అందరూ కావలసి వచ్చేది కనుక ఆ పేరులో ఒక ఊరి శ్రమ విభజన అంతా ఇమిడి ఉండేది. చెరువులకు లోటు లేదు; వనపర్తి సంస్థానంలోని పెద్ద చెరువులకు సముద్రమనే పేరు చేర్చి సప్తసముద్రాలని చెప్పుకోవడం నేటికీ వాడుకలో ఉంది. అయితే ఇవన్నీ వాన నీటి మీద, ఊట మీద ఆధారపడినవి. పక్కనే లోతుగా పారే కృష్ణా తుంగభద్రలు మాత్రం, రెండు నదుల నడుమ ఉండి నడిగడ్డ అనిపించుకున్న గద్వాల ప్రాంతానికి కూడా, చాలావరకు కంటికి కనిపించి చేతికి అందనివిగానే మిగిలాయి.

హైదరాబాదు రాష్ట్ర కాలంలో తలపెట్టిన కృష్ణ, భీమ, తుంగభద్ర కాలువలు కొన్ని ఎగువ నుంచి వాలు మీద దానంతటదే పారే నీటిని పాలమూరు జిల్లాకు తేవలసినవి. 1956 రాష్ట్ర పునర్విభజనలో ఎగువ ప్రాంతాలు మైసూరు రాష్ట్రానికి (నేటి కర్ణాటకకు) పోవడంతో ఆ ఆశ తీరలేదు. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆ నది మీది జూరాల ప్రాజెక్టుకు కేటాయించిన 17.84 టీఎంసీలు కొంత ఊరట మాత్రమే. వాలుదారి మూసుకుపోయిన తర్వాత మిగిలింది ఎత్తిపోయడమే. 1974లో నీటిపారుదల అభివృద్ధి సంస్థ (ఐడీసీ) ఏర్పడిన తర్వాత నదుల ఒడ్డున వచ్చిన చిన్న పథకాలకు ఐడీసీ లిఫ్టులని పేరు పడింది. 2004 తర్వాత ప్రభుత్వ జలయజ్ఞం కార్యక్రమం కింద జూరాల ముంపు నీటితో నెట్టెంపాడు, శ్రీశైలం వెనుక జలాలతో కల్వకుర్తి, వీటికి తోడు భీమా పథకాలు ముందుకు సాగాయి. కల్వకుర్తిలో నీరు ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అనే మూడు మెట్లు ఎక్కుతుంది. శ్రీరంగాపురం దగ్గరి పాత రంగసముద్రం భీమా నీటికి జలాశయమైంది. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి పథకంలో ఒక్కొక్క పంపు సామర్థ్యం 145 మెగావాట్లు.

పథకాలతో పాటు పదం కూడా రైతు సంసారంలోకి దిగింది. ఫస్ట్ లిఫ్ట్, సెకండ్ లిఫ్ట్ అనేవి స్థలనామాల వంటివి. లిఫ్టు కింది భూమి అంటే ధర పలికే భూమి. ఆ నీటితో పండిన వడ్లను కొనుగోలు కేంద్రంలో తూకం వేశాక లారీల్లో మిల్లుకు తరలించడం లిఫ్టింగ్. అది ఆలస్యమైతే బస్తాలు వానకు తడుస్తాయి. దాని గురించి అడగబోతే అవతలివారు ఫోన్ లిఫ్ట్ చేయకపోవడం మూడో అర్థం. ఇది ఇంగ్లండులో పెద్దగా వినిపించని, తెలుగువారు సొంతం చేసుకున్న ప్రయోగం.

మరో ప్రయోగం ఇంకా విచిత్రమైనది. ఇంత పెద్ద పంపులు నీటిని ఎత్తాలంటే నీటిమట్టానికి దిగువన ఉండాలి కనుక ఈ పంపుహౌస్‌లను భూమి లోపల చాలా లోతున తవ్వి కట్టారు. 2020 అక్టోబరులో ఎల్లూరులోనూ, 2024 సెప్టెంబరులో పాలమూరు-రంగారెడ్డి పథకపు వట్టెంలోనూ పంపుహౌస్‌లలోకి నీరు చొరబడి మోటార్లు మునిగినప్పుడు, లిఫ్టు మునిగిందన్న వాక్యం ఇక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. ముందు ఆ నీటిని తోడిపోయడానికే వేరే పంపులు తెచ్చి పెట్టవలసి వచ్చింది.