అంధ విద్యార్థికి పుస్తకం చేరిన దారి

రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకుని ఇళ్లకు చేరిన అమెరికన్ సైనికులకు కాలేజీలో సీటు కష్టం కాలేదు. మాజీ సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించేలా 1944లో చట్టం వచ్చింది. లేనిదల్లా చదువుకోవడానికి పుస్తకమే. డిగ్రీ పాఠ్యపుస్తకాలు బ్రెయిలీలో చాలా అరుదు. పైగా చూపు పోయిన కొత్తలో బ్రెయిలీ నేర్చుకుని తరగతితో సమానంగా పరుగెత్తడం అందరి వల్లా కాదు.

సాయం కోరుతూ వాళ్లు రాసిన ఉత్తరాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చేరాయి. అక్కడి మహిళా సంఘంలో పనిచేస్తున్న ఆన్ మెక్‌డొనాల్డ్ 1948లో లైబ్రరీ అటక మీదే రికార్డింగ్ మొదలుపెట్టించారు. స్వచ్ఛంద కార్యకర్తలు పాఠాలు చదువుతుంటే అవి ఆరంగుళాల వినైల్ రికార్డుల్లోకి ఎక్కేవి. ఒక్కో వైపు పట్టేది సుమారు 12 నిమిషాలే. ఇరవై గంటలు చదవాల్సిన పుస్తకానికి యాభై రికార్డులు కావాలన్నమాట. అయినా చదివేవాళ్లు వెనక్కి తగ్గలేదు. ‘రికార్డింగ్ ఫర్ ది బ్లైండ్’ సంస్థ అలా పుట్టింది.

తర్వాత యంత్రాలు వచ్చాయి. అచ్చు పేజీని పైకి చదివే యంత్రాన్ని రే కర్జ్‌వైల్ 1976లో లోకానికి చూపించారు. ధర మాత్రం విద్యార్థికి అందేది కాదు. 1980ల చివర జిమ్ ఫ్రక్టర్‌మన్ మామూలు కంప్యూటర్, స్కానర్లతో ఆ పని తక్కువ ఖర్చులో జరిగేలా చేశారు. అప్పుడు మరో చిక్కు బయటపడింది. పేజీ తర్వాత పేజీ గంటల తరబడి స్కాన్ చేసిన పుస్తకాన్నే ఇంకో ఊళ్లో ఇంకొకరు మళ్లీ మొదటినుంచి స్కాన్ చేసుకుంటున్నారు! నాప్‌స్టర్ అనే ఇంటర్నెట్ సేవలో కుర్రకారు పాటలు పంచుకోవడం చూశాక ఫ్రక్టర్‌మన్‌కు దారి కనిపించింది. అచ్చు చదవలేని వారి కోసం పుస్తకాల రూపం మార్చడానికి సంస్థలకు అమెరికా చట్టం 1996లోనే వీలిచ్చింది. దాని ఆసరాతో 2002లో ‘బుక్‌షేర్’ వచ్చింది. ఒకరు స్కాన్ చేస్తే మరొకరు తప్పులు దిద్దేవారు. చదువరులే పుస్తకాలు తయారుచేసుకున్న గ్రంథాలయం అది.

మన దేశంలో భారతీ బ్రెయిలీ 1951లోనే కుదిరింది, తెలుగుకూ లిపి దొరికింది. కాలేజీ చదువు మాత్రం ఎక్కువగా స్నేహితులు చదివి వినిపించడం మీద, క్యాసెట్ల మీదే నడిచింది. ఆ పనికి చట్టం రక్షణ ఆలస్యంగా దొరికింది. వికలాంగులకు అనువైన రూపంలోకి పుస్తకాన్ని మార్చడం తప్పు కాదని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. దేశాల మధ్య ఇలాంటి పుస్తకాలు పంచుకోవడానికి 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించింది భారతదేశమే. 2016 ఆగస్టులో ‘సుగమ్య పుస్తకాలయ’ ఆన్‌లైన్‌లో తెరుచుకుంది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలన్న చట్టమూ ఆ ఏడాదిదే.

ఈ చట్టాలూ ఆన్‌లైన్ పుస్తకాలయమూ లేని రోజుల్లోనే మచిలీపట్నం దగ్గరి సీతారామపురం కుర్రాడు బొల్లా శ్రీకాంత్ పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానన్నాడు. అంధులకు వీల్లేదన్నారు. కోర్టుకెళ్లి గెలిచాడు. పాఠాలు విని చదువుకుని 98 శాతం మార్కులతో అమెరికాలోని ఎంఐటీ దాకా వెళ్లాడు. అంతటి పట్టుదల ఉంటేనే ఇంటర్ చదవగలగడం ఆ కుర్రాడికి గర్వకారణమేమో గానీ వ్యవస్థకు కాదు.

ఇప్పుడు చదివి వినిపించే సాధనం ఉచితంగానే దొరుకుతోంది. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టి, మరో అంధ యువకుడు జేమ్స్ టేతో కలిసి పెంచిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తెర మీది తెలుగునూ పైకి చదువుతుంది. కానీ దానికి యూనికోడ్ అక్షరం, అంటే ఏ కంప్యూటరైనా గుర్తుపట్టే ప్రామాణిక సంకేతంలో ఉన్న అక్షరం, కావాలి. మన పుస్తకాలు చాలావరకు ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలో కూర్చినవి. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉండేవి వేరే సంకేతాలు కాబట్టి స్క్రీన్ రీడర్‌కు అర్థం లేని శబ్దాలే దక్కుతాయి. ఫొటో తీసి పంపిన నోట్సు పీడీఎఫ్‌దీ దాదాపు అదే గతి. తెలుగు ప్రచురణకర్తలు, అకాడమీలు ప్రతి పుస్తకానికీ యూనికోడ్ ప్రతి సిద్ధం చేసి ఉంచాలి. లెక్చరర్లు నోట్సును ఫొటోలుగా కాకుండా యూనికోడ్‌లో టైపు చేసి పంపాలి.