స్వతంత్ర వృత్తి నుండి కొలువునకు

జీతపు కొలువు చేయువాడు స్వతంత్ర వృత్తి గలవానిని చూచియు, స్వతంత్రుడు జీతగానిని చూచియు అసూయపడుట లోకమున క్రొత్త గాదు. మన సాహిత్యచరిత్రలో ఈ విషయము వచ్చినప్పుడు ఇద్దరిని తలచుకొందుము. పోతన రాజాశ్రయమును కాదని హలము పట్టెను. శ్రీనాథుడు రెడ్డిరాజుల కొలువున విద్యాధికారిగా వెలిగి, ముదిమిలో కృష్ణాతీరమున భూమి కౌలునకు తీసికొని, పంట వరదపాలు కాగా పన్ను చెల్లింపలేక అవమానముల పాలయ్యెనని చాటువులు చెప్పుచున్నవి. ఒకటి కొలువు నొల్లని కథ, రెండవది కొలువు పోయిన కథ. దీనికి విపరీతముగా, తన పని తానే వెదకికొని బ్రతికిన మనుష్యుడు మరల నెలజీతమునకు కట్టుబడిన కథలు అంతగా వినబడవు. వినబడినను, “పాపము, గతిలేక చేరినాడు” అన్న ఒక్కమాటతో వానిని ముగించుట మనకు అలవాటు. ఆ మాట ఎంతవరకు న్యాయమో తెలిసికొనుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయపు నేలతో సంబంధమున్న ఒక వృద్ధుని చరిత్ర ఉపకరించును.

ఈ విశ్వవిద్యాలయమును స్థాపింప నిజాము ప్రభుత్వము 1917లో ఉత్తరువు వెలువరించెను. 1918లో విశ్వవిద్యాలయ మేర్పడెను, 1919లో తరగతులు ప్రారంభమయ్యెను. అయితే దానికి సొంత నేల లేదు, సొంత కట్టడము లేదు. నగరములోని తాత్కాలిక భవనములలోనే బోధన సాగుచుండెను. శాశ్వత స్థానమును గూర్చి సలహా చెప్పుటకు పిలువబడినవాడు స్కాట్లండు దేశీయుడు, పాట్రిక్ గెడ్డెస్. ఆయన ప్రదేశములను పరిశీలించి 1923లో నివేదిక నొసంగెను. నగరమునకు తూర్పున, అడిక్‌మెట్ ప్రాంతపు రాతినేల విశ్వవిద్యాలయమునకు నిర్ణయింపబడెను. పలువురు ఆయనను ఈ సందర్భమున ‘సర్’ బిరుదముతో పేర్కొందురు. ఆ బిరుదము 1932లో వచ్చినది. హైదరాబాదు వచ్చిననాడు ఆయన వట్టి ప్రొఫెసర్ గెడ్డెస్. ఆ ప్రొఫెసర్ పదవి ఎట్లు వచ్చినదన్నదే మనకు కావలసిన కథ.

గెడ్డెస్ 1854లో జన్మించెను. వృక్షశాస్త్రము ఆయన విద్య. 1888లో ఎడింబరో విశ్వవిద్యాలయమున ఆచార్య పదవికి ప్రయత్నించి విఫలుడయ్యెను. అదే సంవత్సరము డండీ నగరపు కళాశాలలో ఒక ధనికమిత్రుని విరాళముతో ఏర్పడిన పదవి లభించెను. ఆ కొలువు విచిత్రమైనది. ఏడాదికి వేసవి మూడు నెలలు పాఠము చెప్పిన చాలును, తక్కిన తొమ్మిది నెలలు తనవి. ఆ తొమ్మిది నెలలలోనే ఆయన ఎడింబరో పాతబస్తీలోని శిథిలగృహములను బాగుచేయించెను, నగరములను గూర్చి ప్రదర్శనలు నడపెను, పట్టణ నిర్మాణమను క్రొత్త విద్యను పెంపొందించెను. సగము జీతగాడు, సగము స్వతంత్రుడు. ఇటువంటి కొలువు మనలో ఎందరు కోరరు!

1914లో మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్ పిలుపు నందుకొని ఆయన భారతదేశమునకు బయలుదేరెను. ఏండ్ల తరబడి కూర్చిన నగరప్రదర్శన, పటములు, చిత్రములు, నమూనాలు, వేరొక ఓడలో వచ్చుచుండెను. ఆ సెప్టెంబరు 22న మద్రాసుపై గుండ్లు కురిపించిన జర్మను నౌక ఎమ్డెన్, కొలది వారములకే ఈ ఓడనుకూడ ముంచివేసెను. సొంత వృత్తి నడపువానికి పనిముట్టు పోయినచో నష్టపరిహార మిచ్చు యజమాని ఉండడు. స్వదేశమునందలి మిత్రులు మరల పటములు సేకరించి పంపగా, 1915లో మద్రాసున ప్రదర్శన జరిగెను.

అటుపిమ్మట కొన్నేండ్లు ఆయన జీవనము కాంట్రాక్టు పనివాని జీవనమే. ఒక సంస్థానము పిలిచిన అచ్చటికి, ఒక పురపాలక సంఘము పిలిచిన అచ్చటికి వెళ్లుట, వీధివీధి కాలినడకను తిరుగుట, నివేదిక వ్రాసి యిచ్చుట, వేరొక ఊరికి సాగుట. వీధులు వెడల్పు చేయుటకై ఇండ్లను బారులు బారులుగా కూలద్రోయు ఇంజనీర్ల పద్ధతి ఆయనకు నచ్చలేదు. వైద్యుడు చికిత్సకు ముందు నాడి చూచునట్లు ముందు ఊరిని తెలిసికొనవలెననియు, తప్పనిచోట మాత్రమే కత్తి పెట్టవలెననియు ఆయన వాదము. ఇందూరులో ప్లేగు ప్రబలియున్నప్పుడు ఆయన చేసిన పని వినదగినది. దీపావళి ఊరేగింపు ఏ వీధులు శుభ్రముగా నుండునో ఆ వీధులగుండ సాగునని చాటించెను. ఊరివారు పోటీపడి వీధులూడ్చిరి, చెత్త యెత్తిరి. ఊరేగింపులో పెద్ద ఎలుక బొమ్మ కూడ ఉండెను! 1918లో వెలువడిన ఇందూరు నివేదిక రెండు సంపుటములు.

నివేదిక లన్నియు అమలు జరిగినవా? లేదు. స్వతంత్రముగా సలహా నమ్ముకొనువాని కష్ట మిచ్చటనే యున్నది. పిలిచినవాడు ప్రతిఫల మిచ్చి కాగితములను బీరువాలో పెట్టినచో అడుగుటకు హక్కు లేదు. తాను వేరొక ఊరు చేరుసరికి మొదటి ఊరివారు మరచిపోవుదురు. ఇది చాలదన్నట్లు 1917వ సంవత్సరము ఆయన ఇంటిని కూల్చివేసెను. ఏప్రిల్‌లో పెద్దకుమారుడు ఫ్రాన్సు యుద్ధరంగమున మరణించెను. కొలది వారములకే జ్వరపీడితురాలైన భార్య లక్నోలో కన్నుమూసెను.

1919లో ఆయన డండీ పదవిని విడిచెను. అదే సంవత్సరము బొంబాయి విశ్వవిద్యాలయము సమాజశాస్త్ర, పౌరశాస్త్రముల ఆచార్య పీఠమును నెలకొల్పి ఆయనను నియమించెను. వయస్సు అప్పటికి 64. సామాన్యులు ఉద్యోగము విడిచి విశ్రమించు ప్రాయమున ఆయన పూర్తికాలపు కొలువు చేరెను. పరీక్షల చదువును జీవితమంతయు నిరసించినవాడు పరీక్షలకై చదువు విద్యార్థుల ముందు నిలిచెను. పైగా ఆయన మంచి వక్త కాడు. గడ్డములో గొణుగుకొనుచున్నట్లు మాటలాడువాడనియు, ముందు వరుసవారికి తప్ప వినబడెడిది కాదనియు ప్రసిద్ధి. ఆకాశవాణిలో ప్రసంగింపవలసి వచ్చినచో మన ఇంజనీర్లు మైక్రోఫోనును ఎచ్చట నుంచెదమని తలలు పట్టుకొందురు గదా!

అయినను ఆ అయిదేండ్లు వ్యర్థము కాలేదు. మన దేశమున సమాజశాస్త్ర బోధనకు ఆ పీఠము పునాది యయ్యెను. ఆయన శిష్యుడు ఘుర్యే ఇంగ్లండులో చదివి వచ్చి 1924లో ఆ శాఖను చేపట్టి దీర్ఘకాలము నడపెను. ఊరూర తిరుగు సలహాదారునకు నివేదికలే మిగులును, ఆచార్యునకు శిష్యులు మిగులుదురు. అంతేగాక, విశ్వవిద్యాలయమున మెలగుచున్నవాడు విశ్వవిద్యాలయమునకు నేల చూచుటలో ఔచిత్య మున్నది. ఆ కాలముననే యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమునకు కూడ ఆయన ప్రణాళిక గీచెను. గతిలేక చేరిన కొలువుగా దీనిని తలచుట నాకు సమ్మతము కాదు.

1924లో ఆరోగ్యము చెడి ఆయన బొంబాయి విడిచెను. ఫ్రాన్సులోని మాంపెల్లియెలో సొంతముగా ఒక విద్యాలయము కట్టుచు, అచ్చటనే 1932లో మరణించెను. మరల జీతము లేని బ్రతుకే!

అడిక్‌మెట్ నేలపై కట్టడములకు చిత్రములు గీచినవాడు కూడ స్వతంత్ర వృత్తి నుండి వచ్చినవాడే. బెల్జియం దేశీయుడగు జాస్పర్, కైరో సమీపమున 1910లో తెరువబడిన హీలియోపొలిస్ ప్యాలెస్ హోటలు శిల్పి. మన గ్రంథములలో ఎడ్విన్ అని కనబడును గాని అసలు పేరు ఎర్నెస్ట్. ఆర్ట్స్ కళాశాలకు 1934 జులై 5న శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవము జరిగెను. జాస్పర్ వెళ్లిన పిమ్మట ప్రభుత్వోద్యోగి యగు జైన్ యార్ జంగ్ పని పర్యవేక్షించెను.

ప్రక్కనున్న తార్నాక నెలజీతముల పేట. ప్రాంతీయ పరిశోధనశాల 1956లో కేంద్ర పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందికి వచ్చెను. పోషకాహార పరిశోధనాలయము 1958లో కూనూరు నుండి తరలివచ్చెను. ఆచార్యులు, శాస్త్రజ్ఞులు, గుమాస్తాలు ఇండ్లు కట్టుకొనిరి.

మన తెలుగువారిలో ఇటువంటి మలుపు తిరిగినవారు లేకపోలేదు. పట్టములు లేకయే విజ్ఞానసర్వస్వమునకును పత్రికలకును వ్రాయుచు కాలము గడపిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారిని జీవితపు చివరి భాగమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్ర బోధకునిగా చేర్చుకొనెను. ఉపాధ్యాయత్వము చేసి విడిచి, సినిమా పాటలతో మద్రాసున జీవించిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, ‘మల్లీశ్వరి’ వచ్చిన ఆరేండ్లకు, 1957లో హైదరాబాదు ఆకాశవాణిలో చేరిరి. అప్పటికాయనకు 60 ఏండ్లు నిండవచ్చుచున్నవి. ‘శర్మిష్ఠ’, ‘ధనుర్దాసు’ వంటి రేడియో నాటికలు శ్రోతల యింటికి వచ్చినవి. కొన్నేండ్లకు వ్యాధివలన ఆయన కంఠము మూగవోయెను. మిత్రులతో కాగితపు ముక్కలపై వ్రాసి మాటలాడెడివారు. ఆయన వ్రాసిన పాటలు మాత్రము ఇతరుల గొంతులలో రేడియోనుండి వినవచ్చుచునే యుండెను.