గెలుపెరుగని గుర్రాలకు ‘మెయిడెన్‌’ పందెం

కోవూరు: బండలాగుడు పోటీల్లో ఎడ్ల జతలను పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్ల విభాగాలుగా విడదీయడం రైతులకు తెలిసిందే. లేత గిత్త ముదురు గిత్తతో తలపడరాదన్నదే అందులోని న్యాయం. గుర్రప్పందేల్లోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. 1886లో హైదరాబాద్‌లోని మలక్‌పేటకు తరలిన పందేల్లో లేత గుర్రాలకు ప్రత్యేక పరుగులు నిర్వహిస్తారు.

అర్హత: ఒక్క పందెమూ గెలవని గుర్రాన్ని ‘మెయిడెన్‌’ అంటారు. గెలిచిన నాటితో ఆ అర్హత ముగుస్తుంది.

వయసు: ఏ నెలలో పుట్టినా జనవరి 1తోనే గుర్రానికి ఏడాది పెరిగినట్లు లెక్క. ఫిబ్రవరిలో పుట్టినదీ, మే నెలలో పుట్టినదీ కాగితంపై ఈడుజోడే. ఎదుగుదలలో మాత్రం మూడు నెలల అంతరం ఉంటుంది.

దూరం: రెండేళ్ల గుర్రాలకు తొలి పందేలు సాధారణంగా 1,000 నుంచి 1,200 మీటర్లు. నిమిషం పైచిలుకులో ముగుస్తాయి. ఆ వయసుకు వెన్నెముక ఎదుగుదల పూర్తికాదు. మితమైన పరుగు ఎముకకు బలాన్నిస్తుంది. మితిమీరితే ముంగాళ్ల ఎముకలు వాచి, పగుళ్లకు దారితీస్తుంది.

శిక్షణ: ఇనుప గేట్ల నడుమ నిలవడం, గుంపులో బెదరక పరుగెత్తడం, ముందు గుర్రాలు రేపే దుమ్మును తట్టుకోవడం అలవడాలి. గత పందేల వివరాలు లేకపోవడంతో కొత్త గుర్రాలపై అంచనాలు తరచూ తలకిందులవుతాయి. తొలి పరుగులో వెనుకబడినంత మాత్రాన గుర్రం పనికిరానిదని తేల్చడం తొందరపాటే అవుతుంది.