లారీ ఇంజను నుంచి చిన్న కారు మైలేజీ దాకా: జంషెడ్‌పూర్ చరిత్ర

జంషెడ్‌పూర్‌లోని టాటా మోటార్స్ కర్మాగారంలో చిన్న కార్లు తయారు కావు. ఆ గేట్లలోంచి బయటికి వచ్చేవి లారీలు, టిప్పర్లు, భారీ ట్రైలర్లను లాగే బళ్లు. అయినా చిన్న కారు లీటరుకెంత ఇస్తుందన్న ప్రశ్నకు మన దేశంలో దొరికిన జవాబుల్లో రెండింటి మూలాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఒకటి డీజిల్ ఇంజను విద్య. రెండోది కారు బాడీకి వాడే పలచటి ఉక్కు రేకు.

ఊరు పుట్టింది ఉక్కుతోనే. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. సాక్చి గ్రామం దగ్గర కర్మాగారం లేచింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఆ ఉక్కు కొలిముల్లో పనికి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి. బిష్టుపూర్‌లో వాళ్లు కట్టుకున్న రామమందిరం ఈనాటికీ ఆ ఊరి తెలుగువాళ్ల కూడలి.

వాహనాల తయారీ అక్కడ రైలు ఇంజన్లతో మొదలైంది. 1945లో ఈస్ట్ ఇండియన్ రైల్వే నుంచి వర్క్‌షాపు తీసుకుని టాటాలు టెల్కోను (ఇప్పటి టాటా మోటార్స్‌ను) స్థాపించారు. మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లు అక్కడ తయారై దేశమంతటా తిరిగాయి. ఆవిరి ఇంజను ఇంధనాన్ని ఎంత వృథా చేస్తుందో ఆ పనివాళ్లకు తెలియనిది కాదు. బొగ్గులోని వేడిలో నూటికి పది పాళ్లయినా చక్రాలకు చేరేది కాదు, మిగతాదంతా పొగగొట్టంలోంచి ఆకాశానికే. ఆ కర్మాగారంలో ఆవిరి ఇంజన్ల తయారీ 1970లో ఆగిపోయింది. అయితే అప్పటికి చాలా ముందే, 1954లో, టెల్కో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని డీజిల్ లారీల వైపు తిరిగింది. మొదటి లారీ ఆ ఏడాదే బయటికొచ్చింది. పదిహేనేళ్లపాటు ఆ లారీల ముందు మూడు కోణాల నక్షత్రం మెరిసింది. 1969లో ఒప్పందం ముగిశాక దాని స్థానంలో టాటా గుర్తు వచ్చింది. పల్లెల్లో మాత్రం వాటికి బెంజి లారీ అన్న పేరు చాలాకాలం నిలిచిపోయింది.

డీజిల్ ఇంజను ఎందుకు తక్కువ తాగుతుందో ఇక్కడ చెప్పుకోవాలి, తర్వాతి కథంతా దానిమీదే నడుస్తుంది. పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని నిప్పురవ్వ వెలిగిస్తుంది. మరీ ఎక్కువగా నొక్కితే మిశ్రమం తనంతట తానే పేలి ఇంజను కొట్టుకుంటుంది, అందుకే నొక్కుడుకు ఒక హద్దుంది. డీజిల్‌లో నొక్కేది ఒట్టి గాలినే. దాన్ని ఇరవయ్యో వంతు దాకా కుదించవచ్చు. అప్పుడు పుట్టిన వేడికి, పిచికారీ చేసిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. ఎంత ఎక్కువ కుదిస్తే వేడిలోంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. రెండో లాభం ఇంకా విలువైనది. పెట్రోలు బండి నెమ్మదిగా పోయేటప్పుడు గాలి దారిని మూసే తలుపు ఒకటి ఇంజనుకు ఊపిరాడకుండా చేస్తుంది, ఆ ఇరుకులోంచి గాలి పీల్చుకోవడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. డీజిల్‌కు ఆ తలుపు అక్కర్లేదు, ఇంధనం తగ్గిస్తే చాలు. ఊళ్లో ఆగుతూ సాగుతూ పోయే బండికి ఈ తేడా ఎక్కువగా తెలుస్తుంది.

జంషెడ్‌పూర్‌కు మొదట వచ్చిన బెంజ్ ఇంజను 4.6 లీటర్లది, ఆరు సిలిండర్లది. దాంట్లో డీజిల్ నేరుగా సిలిండర్లో పడదు. పక్కనున్న చిన్న గదిలో అంటుకుని, అక్కణ్ణుంచి మంటగా లోపలికి దూకుతుంది. చప్పుడు తక్కువ, నాసిరకం డీజిల్‌నైనా ఓర్చుకుంటుంది. కానీ ఆ గది గోడలు వేడిని తినేస్తాయి. సిలిండర్లోకే నేరుగా చిమ్మే ఇంజనుతో పోలిస్తే పదో వంతుకు పైగా ఇంధనం అదనంగా పోతుంది. అందుకే తర్వాత లారీలు నేరుగా చిమ్మే పద్ధతికి మారాయి. టాటా ఇంజన్ల పేర్లలో వాటి కొలతలే ఉంటాయి: 692 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోటి 92 మిల్లీమీటర్ల వ్యాసం. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్లు. ఈ అంకెల వరస గుర్తుంచుకోదగ్గది, ముందుముందు చిన్న కారు దగ్గర మళ్లీ ఎదురవుతుంది.

మైలేజీ లెక్కను మొదట పట్టుదలగా రాసుకున్నది కారు యజమానులు కాదు, లారీ యజమానులు. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు పోయే బండికి అర కిలోమీటరు తేడా వచ్చినా నెలాఖరుకు లాభం నష్టమైపోతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పంపు, నాజిల్ సరిచేసే మెకానిక్‌కు ఉన్న గౌరవం అందులోంచే వచ్చింది. ట్యాంకు నిండా పోయించి, మీటరు చూసుకుని, మళ్లీ నిండా పోయించి భాగించే పద్ధతి ఆ లారీల దగ్గరే స్థిరపడింది. ఇంతకంటే నమ్మదగిన కొలత సామాన్యుడి చేతిలో ఇంకోటి లేదు.

కార్ల వైపు ఆ ఆరాటం 1973 చమురు సంక్షోభంతో వచ్చింది. అప్పటిదాకా రోడ్ల మీద ప్రధానంగా కనిపించినవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ కార్లు. బరువైన అంబాసిడర్ లీటరుకు పది కిలోమీటర్లు ఇవ్వడమే గొప్ప. పెట్రోలు ధర పెరగడంతో ఆ కారుకు తర్వాతి ఏళ్లలో డీజిల్ ఇంజను వచ్చింది. 1978లో ఇంధన పొదుపు కోసం ప్రభుత్వం పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేసింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది: 796 సీసీ, మూడు సిలిండర్లు, అంబాసిడర్‌లో సగం కాస్త దాటిన బరువు. పొదుపుకు బరువు తగ్గించడం ఒక దారి అని అది చూపించింది.

టాటాలు పట్టుకున్నది రెండో దారి. లారీల్లో నేర్చిన డీజిల్ విద్యను అంచెలంచెలుగా చిన్న బళ్లకు దించారు. 1980లలో 407 మినీ లారీకి 497 ఇంజను, ఆ తర్వాత పికప్‌కు, సియెర్రా, సుమోలకు 483 ఇంజను వచ్చాయి. 1998 చివర్లో విడుదలైన ఇండికాలో ఉన్నది 475: నాలుగు సిలిండర్లు, 75 మిల్లీమీటర్ల వ్యాసం, 1405 సీసీ. ఆ కారు పుణెలో తయారైంది గానీ, జంషెడ్‌పూర్ లారీ ఇంజన్ల అంకెల వరసలోదే ఆ ఇంజను పేరు. అంతేకాదు, లారీలు వదిలేసిన పక్కగది పద్ధతి దాంట్లో మళ్లీ కనిపిస్తుంది. చిన్న కారులో చప్పుడు తగ్గాలి, తయారీ ఖర్చూ తగ్గాలి. ఆ రెండింటి కోసం కొంత ఇంధనాన్ని వదులుకున్నారు. అయినా గెలిచారు. అప్పట్లో డీజిల్ ధర పెట్రోలులో సగానికి అటూఇటూగా ఉండేది. మొదటి వారంలోనే లక్షకు పైగా బుకింగులు వచ్చాయి. కొద్ది ఏళ్లలో హైదరాబాదు, విశాఖ, జంషెడ్‌పూర్ అనకుండా ఇండికా టాక్సీ లేని ఊరంటూ లేకుండా పోయింది. కారు మైలేజీని లారీవాళ్లంత శ్రద్ధగా రాసుకున్నది ఆ టాక్సీ డ్రైవర్లే. కంపెనీ చెప్పిన అంకెకూ రోడ్డు మీద వచ్చే అంకెకూ మధ్య దూరం ఎంతో వాళ్లకు బాగా తెలుసు.

ఆ దూరం ఎందుకొస్తుందో తెలియాలంటే కంపెనీ అంకె ఎలా పుడుతుందో చూడాలి. పుణెలో 1966లో ఏర్పడిన ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్, అంటే అరాయ్, 1980లలో భారతీయ రోడ్లకు సరిపడే పరీక్షా క్రమం ఒకటి తయారు చేసింది. 108 సెకన్ల ఆ క్రమంలో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22 లోపు. 2000 తర్వాత కార్లకు మరో క్రమం వచ్చింది. ఐరోపా పద్ధతిని తీసుకుని గరిష్ఠ వేగాన్ని 120 నుంచి 90కి తగ్గించారు. మొత్తం 1180 సెకన్లు, సుమారు పదిన్నర కిలోమీటర్లు, సగటు వేగం 32. కారు రోడ్డెక్కదు, రోలర్ల మీద నిలబడి పరుగెత్తుతుంది. పొగగొట్టంలోంచి వచ్చిన వాయువుల్లోని కార్బన్‌ను కొలిచి, ఎంత ఇంధనం కాలిందో లెక్కగడతారు. ఏసీ ఆపి ఉంటుంది. ఎదురుగాలి, గుంతలు, వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా ఏవీ ఉండవు. అందువల్ల ఆ అంకెను ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికే వాడాలి, అది జేబు లెక్కకు పనికిరాదు. 2009 నుంచి కంపెనీలు ఈ అంకెను స్వచ్ఛందంగా ప్రకటించడం మొదలుపెట్టాయి. కొనేవాళ్లకు అది మేలే చేసింది, అప్పటిదాకా ప్రకటనల్లో ఎవరికి తోచిన అంకె వాళ్లు రాసుకునేవారు.

పరీక్షలో లేనివన్నీ జంషెడ్‌పూర్ రోడ్లలో ఉన్నాయి. 1940లలో ఒటో కోనిగ్స్‌బెర్గర్ ఊరి విస్తరణకు ప్రణాళిక వేసిన నాటి నుంచి కాలనీలు కర్మాగారాలకు దగ్గరగానే ఉన్నాయి. కద్మా నుంచి బిష్టుపూర్‌కో సాక్చీకో పోవడానికి కొద్ది కిలోమీటర్లే. మనిషికి ఇది సుఖం, ఇంజనుకు మాత్రం కష్టం. చల్లటి ఇంజను వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది, మొదటి రెండు మూడు కిలోమీటర్లలో ఇంధనం ఎక్కువగా పోతుంది. సువర్ణరేఖ మీది మానగో వంతెన దగ్గర బళ్లు ఆగిపోతాయి. నిలబడి ఉన్న చిన్న పెట్రోలు కారు గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది, అంటే పది నిమిషాల నిరీక్షణకు రెండు కిలోమీటర్ల ప్రయాణం ఖర్చు. ఎండాకాలం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు ఏసీ వేయక తప్పదు. ఊళ్లో నెమ్మదిగా పోయే చిన్న కారు చక్రాలకు రెండు మూడు కిలోవాట్లే చాలు, ఏసీ కంప్రెసర్ కూడా అంతే లాగగలదు. పెద్ద కారుకు తెలియని ఆ భారం చిన్న కారుకు కొట్టొచ్చినట్టు కనిపించేది అందుకే.

ఊరి బయట లెక్క ఇంకో రకం. జంషెడ్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 140 మీటర్ల ఎత్తులో ఉంది, రాంచీ 650 మీటర్ల దగ్గర. మధ్యలో చాండిల్, బుండూ, తైమారా ఘాట్. వెయ్యి కిలోల కారును 500 మీటర్లు పైకి ఎత్తడానికి కావలసిన శక్తి, ఇంజను వృథాను కూడా కలిపితే, అర లీటరుకు పైగా పెట్రోలు. దాదాపు 130 కిలోమీటర్ల దారిలో ఏడెనిమిది లీటర్లు తాగే కారుకు ఇది చిన్న మొత్తం కాదు. తిరుగు ప్రయాణంలో అందులో కొంత వెనక్కి వస్తుంది, బ్రేకులు తొక్కినంత మేర రాదు. రాంచీ వెళ్లొచ్చినవాళ్లు పోయేటప్పటి మైలేజీ ఒకటీ వచ్చేటప్పటిది ఇంకోటీ చెప్పడంలో విచిత్రమేమీ లేదు. దీనికి వేగం తోడవుతుంది. 80 నుంచి 100కు పెంచితే గాలి నిరోధం సగానికి పైగా పెరుగుతుంది.

రెండో మూలం ఉక్కు. బరువు తగ్గితే ఆగి కదిలే ప్రతిసారీ ఖర్చు తగ్గుతుంది, ఎక్కే ప్రతి మెట్టకూ తగ్గుతుంది. కానీ పట్టాలకు, దూలాలకు పనికొచ్చే ఉక్కు కారు తలుపుకు పనికిరాదు. దానికి సమంగా, నునుపుగా, పలచగా సాగే రేకు కావాలి. 2000లో జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ కోల్డ్ రోలింగ్ మిల్లు మొదలుపెట్టింది. తర్వాత నిప్పాన్ స్టీల్‌తో కలిసి, ఏడాదికి 6 లక్షల టన్నుల సామర్థ్యంతో, కార్లకు కావలసిన రేకును కాల్చి మెత్తబరిచే కర్మాగారం అక్కడే నెలకొల్పింది. గట్టి రకం ఉక్కు అయితే రేకు మందం తగ్గించినా బలం తగ్గదు. ఆ లాభమంతా మైలేజీకే చేరలేదు. ఎయిర్‌బ్యాగులు, ఢీకొన్నప్పుడు మనిషిని కాపాడే దూలాలు, ఏసీ, పవర్ స్టీరింగు కలిసి ఆ మిగులులో చాలా భాగం వాడుకున్నాయి. ప్రాణం కాపాడే బరువు కోసం కాసింత పెట్రోలు పోవడం సరైన బేరమే.

2009లో వచ్చిన నానో బరువు తగ్గించే దారిని చివరిదాకా నడిపించిన కారు. 624 సీసీ, రెండు సిలిండర్లు, సుమారు 600 కిలోలు, అరాయ్ అంకె లీటరుకు 23.6 కిలోమీటర్లు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు రైతుల ఉద్యమం తర్వాత దాని కర్మాగారం గుజరాత్‌లోని సాణంద్‌కు తరలింది. పదేళ్లు తిరక్కుండానే తయారీ ఆగిపోయింది. మరోవైపు 2008లో ఇండికా విస్టాకు ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల కామన్ రైల్ ఇంజను, అంటే డీజిల్‌ను నేరుగా సిలిండర్లోకే చిమ్మేది, వచ్చింది. పక్కగది పోయింది, చప్పుడు తగ్గింది, మైలేజీ పెరిగింది. చిన్న డీజిల్ కారుకు అదే మంచి రోజు. అయితే 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ తొలగడంతో పెట్రోలుతో తేడా కుదించుకుపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణాలకు చిన్న డీజిల్ ఇంజనును సరిచేయడం గిట్టుబాటు కాలేదు. మారుతి ఆ రోజు నుంచే డీజిల్ కార్లు మానేసింది. డీజిల్ ఇంజన్లు ఇప్పుడు జంషెడ్‌పూర్ లారీల్లాంటి పెద్ద బళ్లకే ఎక్కువగా మిగిలాయి.

ఇప్పటి లెక్క చట్టంతో నడుస్తుంది. 2017 నుంచి ప్రతి కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మీద హద్దు పెట్టారు: కిలోమీటరుకు 130 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, పెట్రోలు కారుకు లీటరుకు 18 కిలోమీటర్లతో సమానం. 2022-23 నుంచి అది 113 గ్రాములు, అంటే దాదాపు 21 కిలోమీటర్లు. ఈ అంకెలు కూడా రోలర్ల మీదివే. అదే కాలంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. లీటరు ఇథనాల్‌లోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పది శాతం మిశ్రమానికి సరిచేసిన పాత కార్లకు 20 శాతం మిశ్రమంతో 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. కొత్త మిశ్రమానికి సరిచేసిన కార్లకు ఒకటి రెండు శాతం. లీటరుకు 18 ఇచ్చే పాత కారు ఆ లెక్కన 17 దగ్గర ఆగుతుంది.