రామకొండ సాక్ష్యము

నేలను త్రవ్వి దాని గర్భమున నున్నదానిని వెలికిదీయుట విజయనగరము జిల్లా గరివిడి సీమవారికి క్రొత్త విద్య కాదు. 1892లో కోడూరున మాంగనీసు త్రవ్వకము మొదలైనది. పిదప ఆ గనులను పరిశీలించిన భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్మరు దొర అచ్చటి శిలావిశేషమునకు ఊరి పేరు మీదనే ‘కోడూరైట్’ అని నామకరణము చేసెను. ఇట్లు నేల మాటను నమ్ముకొని బ్రదికెడు ఈ సీమలోనే, గరివిడికి దక్షిణమున నున్న రామతీర్థమునందు, నేల చెప్పినది వేఱు, పెద్దలు చెప్పినది వేఱు.

పాండవులు ఇచ్చట శ్రీరామమూర్తిని అర్చించిరనియు, కాలాంతరమున మరుగుపడిన ఆ మూర్తి జాడ విజయనగర మేలిన పూసపాటి ప్రభువునకు స్వప్నమున తెలిసెననియు స్థలపురాణము. 1910 ప్రాంతమున అచ్చటి గురుభక్తుల కొండపై పురావస్తుశాఖాధికారి అలెగ్జాండరు రే దొర చేయించిన త్రవ్వకములలో పాండవుల జాడ లేదు. బయల్పడినవి ఇటుకల స్తూపములు, చైత్యములు, మట్టి ముద్రలు. పొరుగున దుర్గకొండ గుహలలో జైనమూర్తులున్నవి.

ఇది చూచి, కొండ బౌద్ధులదే గనుక రాముని కథ పిదప అల్లినదని తేల్చివేయువారు కలరు. ఆ ఇటుకల ప్రసక్తి వచ్చినంతనే ముఖము చిట్లించువారును కలరు. ఉభయులను ఇరుకున పెట్టునది దుర్గకొండపై నున్న కన్నడ శాసనమొక్కటి. పదునొకండవ శతాబ్ది ఆదియందు వేంగి నేలిన చాళుక్య విమలాదిత్యుని కాలమున, దేశిగణాచార్యుడును రాజగురువునైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు భక్తితో ‘రామకొండ’కు నమస్కరించెనని అందున్నది. కావున ఆ పేరు పూసపాటివారికి ఎన్నో శతాబ్దుల పూర్వపుదే. కాని దానిని స్మరించి చేతులు జోడించినవాడు జైనముని! జైనులకును రామకథ కలదు, వారు శలాకాపురుషులని కొలుచు అరువదిమువ్వురు మహనీయులలో రాముడును ఒకడు; ఆ ముని మ్రొక్కిన కొండ ఏ రాముని పేరిటిదో శాసనము చెప్పదు.

నా మట్టుకు, ఈ శాసనము పాండవుల కథను నిలబెట్టనూలేదు, పడగొట్టనూలేదు. అడుగని ప్రశ్నకు రాయి బదులు చెప్పునా? అది రుజువు చేయునది వేఱొకటి: మతములు మాఱినను ఆ గుట్టలకు మ్రొక్కుట మానలేదని. ఇక శిలాక్షరములతో నిమిత్తము లేని జనము, రామక్షేత్రమైన ఈ చోటికే శివరాత్రి జాతరకు బండ్లు కట్టుకొని వచ్చుచున్నారు.