నల్ల కుండ మీద పేరు

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, శాంటా ఫే నగరానికి ఉత్తరాన, రియో గ్రాండె నది దగ్గర శాన్ ఇల్డెఫాన్సో అనే చిన్న ఊరుంది. తేవా భాష మాట్లాడే ప్యూబ్లో ప్రజలు వందల ఏళ్లుగా అక్కడ మట్టి ఇళ్లు కట్టుకుని, మొక్కజొన్న పండించుకుంటూ బతుకుతున్నారు. 1887 ప్రాంతంలో ఆ ఊళ్లో పుట్టిన మరియా మార్టినెజ్ చేసిన కుండలు ఇవాళ పేరున్న మ్యూజియంలలో కనిపిస్తాయి. నిగనిగలాడే నలుపు మీద మెరుపు లేని నలుపుతో వేసిన బొమ్మలు వాటి గుర్తు. మట్టి పనిలో ఇరవయ్యో శతాబ్దం చూసిన గొప్ప కళాకారుల్లో ఆమె ఒకరు. అయితే ఆ కుండల వెనక ఎన్ని చేతులున్నాయో తెలిస్తేనే ఆ గొప్పతనం పూర్తిగా బోధపడుతుంది.

పిన్ని వరుసైన నికొలాసా దగ్గర కూర్చుని మరియా చిన్నప్పుడే మట్టి పిసకడం నేర్చుకుంది. అప్పటికే ఆ విద్యకు గడ్డుకాలం వచ్చింది. 1880లో శాంటా ఫేకు రైలు వచ్చింది. దాని వెంట రేకు గిన్నెలు, ఇనప పాత్రలు చవగ్గా దిగాయి. నీళ్లకీ వంటకీ కుండ అవసరం తగ్గిపోయింది. రైలు దిగిన యాత్రికులు కొనే చిన్నాచితకా బొమ్మలే చాలామంది కుమ్మరి స్త్రీలకు మిగిలిన బేరం.

1904లో మరియాకు జూలియన్ మార్టినెజ్‌తో పెళ్లయింది. కొత్త దంపతులు సెయింట్ లూయీలో జరుగుతున్న ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి, వచ్చినవాళ్ల కళ్లెదుటే కుండలు చేసి చూపించారు. ఆ తర్వాత రెండు మూడేళ్లకు ఎడ్గర్ లీ హ్యూయెట్ అనే పురావస్తు పరిశోధకుడు ఊరికి దగ్గర్లోని పహరీటో పీఠభూమి మీద తవ్వకాలు మొదలుపెట్టాడు. జూలియన్ అక్కడ కూలికి కుదిరాడు. మట్టిలోంచి పూర్వీకుల కుండ పెంకులు బయటపడ్డాయి. అలాంటి కుండను నిండుగా మళ్లీ చేయగలవా అని హ్యూయెట్ మరియాను అడిగాడు. ఆమె కుండ నిలబెట్టింది, జూలియన్ దాని మీద పాత గీతలు గీశాడు. భార్యాభర్తల ఉమ్మడి పని అలా మొదలైంది.

1909లో శాంటా ఫేలో న్యూమెక్సికో మ్యూజియం ఏర్పడింది. మార్టినెజ్ దంపతులు కొన్నేళ్లు అక్కడే ఉన్నారు. మరియా సందర్శకుల ముందు కుండలు చేసేది. జూలియన్ మ్యూజియం ఊడ్చి తుడిచే పని చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా బీరువాల్లోని పాత కుండల ముందు నిలబడి వాటి నమూనాలు మనసుకు ఎక్కించుకునేవాడు. తర్వాతి కాలంలో అతని చేతికి పేరు తెచ్చిన రెండు బొమ్మలూ అలా పాతవాటి నుంచి వచ్చినవే. ఒకటి అవాన్యు, నీటిని కాపాడే కొమ్ముల పాము. రెండోది గుండ్రంగా పేర్చిన ఈకల వరస. దాని మూలం దాదాపు వెయ్యేళ్ల కిందటి మింబ్రెస్ ప్రజల గిన్నెల్లో ఉంది.

ఇక నలుపు సంగతి. ఇరుగుపొరుగు ప్యూబ్లో ఊళ్లలో, ముఖ్యంగా శాంటా క్లారాలో, నున్నటి నల్ల కుండలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఆ నలుపు రంగు వేసి తెచ్చేది కాదు, మంటలో పుట్టేది.

కుండ చేయడం మొదట్నుంచీ చేతి పనే. ప్యూబ్లో కుమ్మరులకు సారె లేదు. మట్టి తవ్వే ముందు నేలకు మొక్కజొన్న పిండి సమర్పించుకుంటారు. తెచ్చిన మట్టిలో అగ్నిపర్వతపు బూడిద కలిపి పిసుకుతారు. మూకుడులాంటి అడుగులో ముద్దను అదిమి, దాని మీద మట్టి తాళ్లను చుట్టలు చుట్టలుగా పేర్చి గోడ లేపుతారు. ఎండిన సొరబుర్ర ముక్కతో లోపలా బయటా గీకి పలచన చేస్తారు. ఆరాక ఎర్రమట్టి పూత పూసి, నది దగ్గర ఏరిన నున్నటి గులకరాయితో రుద్దుతారు. పూత ఆరిపోయే లోపల ఆ రుద్దుడు ఆపకూడదు. ఆపితే ఆ చోట మరక తేలుతుంది. ఒక్కో రాయి తల్లి నుంచి కూతురికి ఆస్తిగా వస్తుంది.

కాల్చేది ఆరుబయటే. కట్టెల మీద కుండలు బోర్లించి, రేకులు కప్పి, చుట్టూ పశువుల పిడకలు పేర్చి నిప్పు పెడతారు. అలాగే వదిలేస్తే కుండ ఎర్రగా కాలుతుంది. మంట బాగా అందుకున్న సమయం చూసి, పొడి చేసిన గుర్రపు పేడను కుప్పగా పోసి గాలి ఆడకుండా మూసేస్తే, ప్రాణవాయువు దొరక్క మట్టిలోని ఇనుము నల్లబడుతుంది. పొగలోని మసి పైపొరలో ఇంకుతుంది. తెలంగాణలో, ఆంధ్రలో మహాశిలాయుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు పాత్రల్లోని నలుపు కూడా గాలి అందని మంట ఇచ్చిందే. అందరికీ తెలిసిన ఈ విద్యకు 1919 ప్రాంతంలో మరియా దంపతులు ఒక కొత్త మెలిక జోడించారు. మరియా మెరుగు పెట్టిన కుండ మీద, కాల్చకముందే, జూలియన్ పలచటి మట్టి పూతతో బొమ్మ వేశాడు. కాలాక మెరుగు పెట్టిన భాగం నిగనిగలాడింది, బొమ్మ మాత్రం మెరుపు లేకుండా నల్లగానే నిలిచింది. వెలుతురు పడే వైపును బట్టి బొమ్మ తేలుతుంది, మునుగుతుంది. తక్కువ వేడిలో కాలిన కుండ కాబట్టి నీళ్లు పోస్తే ఆ మెరుగు పాడవుతుంది. వంటింటి సామాను దాటి అది చూడటానికే పుట్టిన వస్తువైంది.

గిరాకీ పెరిగింది. కొత్త పద్ధతిని మరియా దాచుకోలేదు. అక్కచెల్లెళ్లకూ ఊళ్లోని ఇతర స్త్రీలకూ నేర్పింది. చెల్లెలు క్లారా మెరుగు పెట్టడంలో ఆరితేరింది. పొలాలు అంతంతమాత్రంగా పండే ఆ ఊళ్లో కుండలు ఎన్నో ఇళ్లకు కూడు పెట్టాయి.

బయటి కొనుగోలుదారులకు మాత్రం ఒక పేరు కావాలి. ప్యూబ్లో కుండ మీద సంతకం పెట్టే ఆచారం అంతకుముందు లేదు. 1920ల మొదట్లో మరియా అడుగున ‘మరీ’ అని రాయడం మొదలుపెట్టింది; బయటివాళ్లకు ఆ పేరే ఎక్కువ పరిచయమని చెబితే అలా రాసింది. సంతకమున్న కుండకు ఎక్కువ ధర పలకడం చూసి ఊళ్లోని స్త్రీలు తమ కుండల మీద కూడా ఆ పేరు రాయమని అడిగారు. ఆమె రాసిచ్చింది. మార్కెట్ దృష్టిలో అది తప్పు. ఆమె దృష్టిలో పేరు నలుగురికీ పనికొచ్చేదైతే పంచడంలో తప్పేముంది? ఒక మనిషి కీర్తిని ఊరి బతుకుగా మార్చిన ఈ పనిని ఆమె కుండలంత గొప్పగా చెప్పుకోవాలి.

1943లో జూలియన్ పోయాడు. పెద్దకొడుకు ఆడమ్ భార్య సంటానా మామగారి కుంచె అందుకుంది. 1950ల మధ్య నుంచి కొడుకు పొపోవి దా తల్లితో కలిసి పనిచేశాడు. తుపాకీ లోహపు నిగ్గున్న నలుపు, ఒకే కుండ మీద నలుపూ ఇటుక రంగూ అతని ప్రయోగాలు. 1952లో ఇంగ్లండ్ నుంచి కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి కుండల కళాకారుడు షోజీ హమాదా, జానపద కళల ఆలోచనాపరుడు యనాగి సోయెత్సు ఆ ఊరికి వచ్చి మరియా కుండలు కాల్చే తీరు చూశారు. వాడుక వస్తువులో అందాన్ని వెతికిన ఆ ముగ్గురూ ఆ ఊరికి రావడం సహజమే. మరియా 1980లో కన్నుమూసింది.

ఇవాళ సేకర్తలు కుండను తిరగేసి దాని కాలాన్ని చదువుతారు. ‘మరీ’ ఒక్కటే ఉంటే తొలినాళ్లది. కుండల పని ఆడవాళ్లదన్న భావన వల్ల జూలియన్ పేరు మొదట్లో రాయలేదు. ‘మరీ, జూలియన్’ అని ఉంటే 1920ల మధ్య నుంచి 1943 దాకా. ‘మరీ, సంటానా’ ఆ తర్వాతది. ‘మరియా, పొపోవి’ చివరి దశది. మనవడు టోనీ దా, మునిమనవరాలు బార్బరా గొంజాలెస్ తమ సొంత పేర్లతో ఈ పనిని ముందుకు తీసుకెళ్లారు.